బడిదినములలో విహారయాత్రలు

మన పట్టణములలోను, నీటివసతిగల గ్రామములలోను కొన్ని సంవత్సరములనుండి యొక యాచారము ప్రబలుచున్నది. బడులు చక్కగా జరుగుచున్న దినములలో, పండుగగాని సెలవుగాని లేనప్పుడు, ఐదారేండ్లు మొదలు పదేండ్లవరకు వయస్సుగల పిల్లలను తల్లిదండ్రులు బడి మాన్పించి విహారయాత్రలకు గొనిపోవుచున్నారు. చేతిలో ధాన్యపుసొమ్ము పడగానే యొకరు అరకులోయకు బయలుదేరుదురు. తిరుమలలో జనసమ్మర్దము తగ్గినదని విని యింకొకరు వారము నడుమ కొండకు పోదురు. హోటలు గదులు చౌకగా దొరకునని వేరొకరు గోవాకో, సింగపూరునకో టిక్కెట్లు కొందురు. "చిన్నతరగతియే కదా, నాలుగు దినములు పోయినంత మాత్రమున నేమి మునిగినది?" అనుమాట ఇంటింట వినబడుచున్నది. బడికి జ్వరమని చీటి పోవును. బిడ్డ అద్దాల రైలుపెట్టెలో కూర్చుండి బొర్రాగుహలవైపు పోవుచుండును. ఈ యాచారమును గూర్చి మన గృహస్థులతో కొంత విచారము చేయవలసిన సమయము వచ్చినదని మేము తలచుచున్నాము.

ఇట్లు చేయు తల్లిదండ్రులు బిడ్డలయందు ప్రేమ లేనివారు కారు. ప్రేమచేతనే చేయుచున్నారు. వారు చెప్పు కారణములును గొంతవరకు వినదగినవే. మన రాష్ట్రములలో వేసవిసెలవులు సాధారణముగా ఏప్రిలు నెల నాలుగవ వారమున మొదలై జూన్ 12వ తేదీ ప్రాంతమున ముగియుచున్నవి. ఆ యేడు వారములే సంవత్సరమున కెల్ల దీర్ఘమైన విరామము. ఎండలు మండు దినములును అవియే. రెంటచింతలలోను, రామగుండములోను పగటివేళ గడప దాటుటకే వీలులేని కాలమున పసిపిల్లలను వెంటబెట్టుకొని యూళ్లు తిరుగుట యెట్లని తల్లులు అడుగుచున్నారు. చల్లనిచోటికి పోదమన్నచో, దేశమంతయు నా నెలలోనే యక్కడికి చేరును. గదుల యద్దెలు మిన్నంటును. వ్యవసాయదారుని తీరిక మరియొక విధమైనది. సార్వా కోతలు, నూర్పిళ్లు ముగియకమునుపే దాళ్వా పనులు మీదబడును. ఆ నాట్లు ముగిసి, సంక్రాంతి వెళ్లిన పిమ్మటగాని యతనికి ఊపిరి తీసికొను సందు దొరకదు. అప్పుడు బడులు నిండుగా జరుగుచుండును.

ఇంకొక కారణము నేటి కాలమున క్రొత్తగా వచ్చినది. మన కోస్తాజిల్లాలలోను, హైదరాబాదు నగరములోను బంధువులు అమెరికాలో లేని మధ్యతరగతి కుటుంబము లరుదు. అక్కడి బడులకు జూన్, జూలై నెలలే వేసవిసెలవులు. అన్నగారి కుటుంబము జూన్ నడుమ హైదరాబాదులో విమానము దిగును. సరిగా నప్పుడే యిక్కడి బడులు తెరచును. ఏండ్ల తరబడి యెదురుచూచిన పెదనాన్న పిల్లలు వచ్చినప్పుడు తమ్ముని పిల్లలను బడికి బంపుట కఠినముగా దోచును. వారిని వీరిని కలిపి తిరుపతి, శ్రీశైలము, అన్నవరము త్రిప్పుదురు. అక్కడి పిల్లలు తమ సెలవులలో తిరుగుచున్నారు. ఇక్కడి పిల్లలు క్రొత్త తరగతి పాఠములకు పునాదిపడు వారములను గోలుపోవుచున్నారు.

ఈ కష్టములన్నియు నిజమే. వానిని తీర్చుకొనుటకు బిడ్డ బడిదినములను వ్యయపరచుట మాత్రము న్యాయము కాదని మా యభిప్రాయము. మా చదువరులలో భూవసతిగలవారు పెక్కుమంది. మైనరు ఆస్తి యన నేమో వారికి మేము చెప్పనక్కరలేదు. 1956 సంవత్సరపు హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ప్రకారము, తండ్రియే సంరక్షకుడైనను, బిడ్డ పేరనున్న స్థిరాస్తిని న్యాయస్థానపు అనుమతి లేక విక్రయింప వీలులేదు. విక్రయించినచో బిడ్డ పెద్దవాడై యా విక్రయమును రద్దు చేయించుకొనవచ్చును. బడిదినము నట్టి మైనరు ఆస్తియే యని మా వాదము. అది బిడ్డది, తండ్రి దానికి సంరక్షకుడు మాత్రమే. తన తీరికను బట్టియు, తన పొదుపును బట్టియు దానిని ఖర్చుపెట్టుట సంరక్షకధర్మము కాదు. పైగా, అమ్ముడుపోయిన పొలమును దావా వేసియైనను తెచ్చుకొనవచ్చును. రెండవ తరగతిలో పోయిన పది దినములను ఏ న్యాయస్థానమును తిరిగి యిప్పింపజాలదు.

పది దినములలో నేమి పోవునని యడుగువారు చిన్నతరగతులలో చదువు సాగు తీరును ఒకసారి గమనింపవలెను. పైతరగతి విద్యార్థి యొక పాఠము తప్పినచో పుస్తకము తెరచి తానే చదువుకొనగలడు. ఒకటవ తరగతి బిడ్డకు ఆ శక్తి యింకను రాలేదు. దానిని సంపాదించుటకే యతడు బడికి బోవుచున్నాడు. మన భాషలో అక్షరముల పిమ్మట గుణింతములు, గుణింతముల పిమ్మట ఒత్తులు నేర్పుదురు. 'అమ్మ', 'పువ్వు' అను మాటలలో నొకే హల్లునకు ఒత్తు వచ్చుటను చూడని బిడ్డకు, 'సూర్యుడు', 'పుస్తకము' అను మాటలలో వేరొక హల్లు వచ్చి క్రింద జేరుట చిక్కుముడివలె దోచును. లెక్కలలోను ఇంతియే. 42 నుండి 17 తీసివేయునప్పుడు, రెండులోనుండి యేడు పోదు గనుక పదులలోనుండి యొకటి అప్పు తెచ్చుకొనవలెనని ఉపాధ్యాయుడు నాలుగైదు దినములు పూసలు పేర్చి, పుల్లలకట్టలు విప్పి చూపును. ఆ వారము బడిలో లేని బిడ్డ తిరిగివచ్చి, ఏడులోనుండి రెండు తీసివేసి, 35 అని వ్రాయును. ఆ తప్పు తప్పని యతనికి దెలియదు. తరువాతి లెక్కలన్నియు నా తప్పుమీదనే కట్టబడును. మూడవ తరగతిలో లెక్కలనిన భయపడు పిల్లలలో నెందరో యిట్టి వారము నొకదానిని ఎక్కడనో పోగొట్టుకొన్నవారే.

దినములలెక్క చూతము. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఒకటినుండి ఐదవ తరగతివరకు సంవత్సరమునకు 200 పనిదినములును, ఆరునుండి ఎనిమిదవ తరగతివరకు 220 పనిదినములును ఉండవలెనని విధించినది. చిన్నతరగతి బిడ్డ అరకునకు నాలుగు దినములు పోయినదనుకొందము. పిన్నిగారి యింట పెండ్లికి మూడు. అమెరికా బంధువులతో యాత్రలకు ఆరు. సంక్రాంతి సెలవులకు ముందు రెండు, వెనుక రెండు. నిజముగా వచ్చిన జ్వరములకు ఐదు. మొత్తము 22 దినములు. అనగా పదింట నొకవంతునకు మించినది. ఇట్లు ఐదు సంవత్సరములు జరిగినచో 110 దినములగును. ప్రాథమికవిద్య ముగియునప్పటికి ఆ బిడ్డ సగము సంవత్సరమునకు మించి బడిలో లేదన్నమాట. ఏ యొక్క యాత్రయు పెద్దదిగా గానరాదు. ఎకరమునకు పది బస్తాల ధాన్యము గట్టున రాలిపోవుచున్న చూచుచు నూరకుండు రైతు మనలో లేడు. బిడ్డ చదువు రాలిపోవుట కంటికి గనబడదు గనుక నూరకున్నాము.

నష్టము ఆ బిడ్డతో ముగియదు. ప్రాథమిక తరగతులలో 30 మంది బిడ్డల కొక యుపాధ్యాయుడుండవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ ముప్పదిమందిలో ఈ వారము ముగ్గురు, వచ్చు వారము నలుగురు, పై వారము వేరిద్దరు లేకపోయినచో నుపాధ్యాయుడు చేయగలిగిన దేమి? వెనుకపాఠమును మరల చెప్పినచో బడి మానక వచ్చిన పిల్లలకు విసుగు పుట్టును. వారి కాలము వ్యర్థమగును. చెప్పకున్నచో, పోయివచ్చిన పిల్లలు మూలబడుదురు. నేల చదునుగా లేని మడిలో నీరు పారించు రైతునకు ఈ కష్టము తెలియును. ఒకమూల మునుగును, ఒకమూల ఎండును. బోధనరుసుము చెల్లించితిమి గదా యని ప్రైవేటు బడుల తల్లిదండ్రులు చెప్పుచుందురు. వారు చెల్లించినది తమ బిడ్డ రుసుము; తక్కిన ఇరువదితొమ్మండుగురి కాలమును వారు కొనలేదు.

సెలవుచీటి సంగతి ఇంతకంటె విచారింపదగినది. విహారయాత్రకని వ్రాసినచో బడివారు సెలవు నీయరేమో యని, తండ్రి జ్వరమని వ్రాయును. చీటి వ్రాయుచుండగా బిడ్డ ప్రక్కనే నిలుచుండును. పోయివచ్చిన పిమ్మట, "మాష్టరుగా రడిగిన జ్వరము వచ్చినదని చెప్పుము" అని తల్లి నేర్పి పంపును. సత్యము పలుకవలెనని మొదటిపాఠము నేర్పవలసిన యింటిలో, బిడ్డ నేర్చుకొనుచున్న పాఠ మిది. ఏడేండ్ల బిడ్డ అరకులో జూచిన జలపాతమును మరచిపోవచ్చును. నాన్నగారు మాష్టరుగారికి అబద్ధము వ్రాసిరని మాత్రము మరువడు. ఉపాధ్యాయుని కన్నుగప్పుట తప్పు కాదనియు, నియమములు మనవంటివారికి గావనియు నతని మనసున నాటుకొనును. పదేండ్ల పిమ్మట అదే బిడ్డ కళాశాలకని చెప్పి వేరొకచోటికి పోయినప్పుడు తండ్రి ఆశ్చర్యపడవలసిన పనిలేదు.

ఈ బడిదినము మన జాతికి సులభముగా దొరకినది కాదు. గోపాలకృష్ణ గోఖలేగారు 1911లో ఆరునుండి పదేండ్ల బాలురకు నిర్బంధ ప్రాథమికవిద్యను క్రమక్రమముగా నెలకొల్పుటకు కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టిరి. దేశ మింకను సిద్ధముగా లేదను సాకుతో ప్రభుత్వమువారు దాని నెదిర్చిరి. 1912లో 13 వోట్లు అనుకూలముగాను, 38 వోట్లు ప్రతికూలముగాను వచ్చి యా బిల్లు వీగిపోయినది. స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, పదునాలుగేండ్లు నిండువరకు పిల్లలందరికి ఉచిత నిర్బంధవిద్యను పది సంవత్సరములలో సమకూర్ప యత్నింపవలెనని ప్రభుత్వములను ఆదేశించినది. పది సంవత్సరములు గడచినవి. ఐదు దశాబ్దములు గడచినవి. 2002లో 86వ సవరణచేత అది ప్రాథమికహక్కు అయినది. చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చినది. గోఖలేగారి బిల్లునకును ఈ చట్టమునకును నడుమ నొక శతాబ్దము గడచినది. ఆ సవరణయే, ఆరునుండి పదునాలుగేండ్ల బిడ్డకు విద్యావకాశములు కల్పించుట తల్లిదండ్రుల ప్రాథమిక కర్తవ్యమని రాజ్యాంగములో జేర్చినది. హక్కును బిడ్డకును, కర్తవ్యమును మనకును ఇచ్చినది. హక్కుకొరకు నూరేండ్లు పోరాడిన జాతి, కర్తవ్యమును హోటలుగది యద్దె తగ్గినదను కారణమున విడిచిపెట్టుట తగునా?

ఇక మేము ముఖ్యముగా జెప్పదలచినది ఇది. కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి, కోసిగి, మంత్రాలయము, ఆదోని ప్రాంతములనుండి, ఏటేట వేలకొలది కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి గుంటూరు మండలమునకు మిరపకాయ కోతలకును, ప్రత్తి తీతలకును వలసపోవుచున్నవి. వెంట పిల్లలును బోవుదురు. సంక్రాంతి దాటినపిమ్మట ఆ గ్రామముల బడులలో సగము బల్లలు బోసిపోయి యుండుట చూచినవారికి దెలియును. పిల్లలను ఊరనే నిలుపుటకు ప్రభుత్వమువారు ఋతుకాలపు వసతిగృహములను నడపుచున్నను, అందరు నందులో జేరుట లేదు. ఆడపిల్లలు చేలగట్టున చంటిబిడ్డల నాడించుచుందురు. కొంచెము పెద్దవారు కాయలు కోయుచుందురు. 2016లో సవరింపబడిన చట్టము పదునాలుగేండ్లలోపు పిల్లలచేత పనిచేయించుటను అన్ని వృత్తులలోను నిషేధించినను, ఆ బిడ్డలు చేలలోనే కనబడుచున్నారు.

ఆ మిరపతోటలు మన చదువరులలో కొందరివి. జనవరి నెలలో నొకే వారమున, తోట యజమాని కుమారుడు పట్టణములోని బడి మాని అరకులోయలో నున్నాడు. తోటలో పనిచేయు కూలివాని కుమారుడు కోసిగిలోని బడి మాని తోటలో నున్నాడు. రెండు రిజిష్టరులలోను పడిన గుర్తు ఒక్కటే: గైర్హాజరు. మొదటివాడు సుఖముకొరకు బడి మానినాడు, రెండవవాడు కూటికొరకు మానినాడు. కూలివానిని బిలిచి, "పిల్లవానిని బడికి బంపక పాడుచేయుచున్నావేమిరా" యని మందలించు నధికారము అరకునుండి వచ్చిన యజమానికి గలదా? "మీ బాబుగారును బడి మానినారు కదా, దొరా" యని యతడు నోరువిప్పి యనడు. మనసులో ననుకొనును. బడి యనగా వీలున్నప్పుడు పోవలసినది, వీలులేనప్పుడు మానవలసినది యను భావము ఊరిలో పైనుండియే క్రిందికి దిగుచున్నది. రంగారెడ్డి జిల్లాలో 1991నుండి వేలాది బాలకార్మికులను బడులకు మరలించిన శాంతాసిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే బహుమానము వచ్చినప్పుడు మనమందరము గర్వపడితిమి. బడిలో లేని బిడ్డ నెల్ల బాలకార్మికునిగానే యెంచవలెనని ఆమె పనికి మూలసూత్రము. పేదవాడు తన బిడ్డను బడికి బంపుటకు ఇష్టపడునని, ఊరిపెద్దలు నిలబడినచో పంపుననియు నా యుద్యమము ఋజువు చేసినది. నిలబడవలసిన యూరిపెద్దలే టిక్కెట్లు కొని బయలుదేరినచో నేమి చేయుట?

ప్రభుత్వమును ఈ భేదమును ఇంకొక రీతిగా పెంచుచున్నది. ఆంధ్రప్రదేశములో 2020లో 'అమ్మఒడి' యను పేరను, 2025లో 'తల్లికి వందనము' అను పేరను తల్లులకు ధనసహాయము చేయుటకు వచ్చిన పథకములలో, బిడ్డకు 75 శాతము హాజరుండవలెనను నియమము పెట్టబడినది. ఆ నియమము మంచిదే. పేదతల్లి హాజరులెక్క చెప్పవలసియున్నది. సంపన్నుని మాత్రము అడుగువాడు లేడు. అడుగువాడు లేనిచోట నియమమును దానుగా బాటించుటయే పెద్దమనుష్యుని లక్షణమని మన పెద్దలు చెప్పుచుండిరి.

ప్రయాణమే గొప్పవిద్య గదా, నాలుగుగోడల నడుమ నేర్వలేనిది నాగార్జునకొండలోను, రామప్ప గుడిలోను నేర్వవచ్చును గదా యని కొంద రాక్షేపింతురు. ఈ మాటను మేము మనఃపూర్వకముగా నంగీకరించుచున్నాము. జలాశయములో మునుగనున్న లోయనుండి త్రవ్వితీసిన బౌద్ధశిల్పములను ద్వీపముమీదికి జేర్చి నిలిపిన కథను, లాంచీలో ఆ నీటిమీద పోవుచు తండ్రి చెప్పగా విన్న బిడ్డ ధన్యుడు. 2021లో ప్రపంచవారసత్వపు స్థానము పొందిన రామప్పలో కాకతీయుల శిల్పి చేతిపనిని తాకిచూచిన బిడ్డకు చరిత్ర యనిన రుచి పుట్టును. అందుకే యాత్రలు కావలెను, సెలవులలో కావలెను. అయితే మన విహారయాత్రలలో నెన్ని యిట్టివి? హోటలులోని యీతకొలనులో రెండు పూటలు, అంగళ్లలో నొక పూట, కారులో చేతిఫోను చూచుచు తక్కిన కాలము గడచుచున్నది. దీనిని విద్య యని పిలిచి బడికి బదులుగా లెక్క కట్టుట న్యాయముగా లేదు. బిడ్డను బడి మాన్పించి గొనిపోయిన తండ్రి, తిరిగివచ్చినపిమ్మట చూచినదానిని పది వాక్యములలో వ్రాయుమని బిడ్డ నడిగినాడా? ఉపాధ్యాయునికి జెప్పి, తరగతిలో నా ముచ్చట వినిపింపజేసినాడా? జ్వరమని చీటి వ్రాసిన యింట నది సాధ్యము కాదు.

ప్రతి నియమమునకును మినహాయింపు లుండును. ఐదేండ్లు నిండని పసివానిని ఎప్పుడు గొనిపోయినను మాకు పేచీ లేదు. తాతగారు మంచమున బడినప్పుడు, ఇంట మరణము సంభవించినప్పుడు బిడ్డ బడి మానుట ధర్మమే. సొంత అక్క పెండ్లికి రెండు దినములు మానిన నెవరును తప్పుపట్టరు. గోదావరి పుష్కరములు 12 సంవత్సరముల కొకసారి వచ్చును. 2015లో నవి జూలై నెలలో, బడిదినములలోనే వచ్చినవి. బాల్యములో నొక్కసారి దొరకు నట్టి దర్శనమునకు బిడ్డను గొనిపోవుట యుచితమే. శీతకాలమున పులికాటు సరస్సునకు వచ్చు రాజహంసలు మన వేసవిసెలవులకొరకు వేచియుండవు. సంక్రాంతి సెలవులలో చూపవచ్చును, ఆదివారమును గలదు. మినహాయింపునకు గురుతు ఒక్కటే. కారణమును ఉన్నదున్నట్లు చీటిలో వ్రాసి యుపాధ్యాయునికి బంపుటకు సిగ్గుపడనక్కరలేనిదే మినహాయింపు.

ఇతరదేశములలో దీనికి జరిమానాలు గలవు. ఇంగ్లండులో 2013నుండి, అసాధారణ కారణముండినగాని ప్రధానోపాధ్యాయుడు బడిదినములలో సెలవీయ వీలులేదు. 2015 ఏప్రిలులో వైట్ ద్వీపమునకు జెందిన యొక తండ్రి తన కుమార్తెను ఏడు బడిదినములు మాన్పించి అమెరికాలోని ఫ్లోరిడాకు గొనిపోయెను. విధించిన జరిమానాను చెల్లింపక న్యాయస్థానములలో పోరాడెను. క్రింది న్యాయస్థానములలో గెలిచెను గాని, 2017 ఏప్రిలులో నా దేశపు సుప్రీముకోర్టు, బడి విధించిన నియమముల ప్రకారము వచ్చుటయే క్రమమైన హాజరని యేకగ్రీవముగా దీర్పు చెప్పినది. 2024 ఆగస్టునుండి యా జరిమానా 80 పౌండ్లు. 21 దినములలో చెల్లింపనిచో 160 పౌండ్లు. ఇట్టి జరిమానా మన దేశమునకు వలదని మేము గట్టిగా చెప్పుచున్నాము. ధనవంతుడు దానిని విమానపు టిక్కెట్టుతోపాటు ప్రయాణపు ఖర్చులో వ్రాసికొనును. కూలివానిమీద మాత్రము అది కత్తియై పడును. పోలీసునకును గుమాస్తాకును మామూలు దొరకు నింకొక తలుపు తెరచును. మన విద్యాహక్కు చట్టము తల్లిదండ్రులకు శిక్ష విధింపలేదు. వారి వివేకమును నమ్మినది. ఆ నమ్మకమును నిలుపుకొనుట మన పని.

అందుకు చేయదగిన పనులు కొన్ని గలవు. బడిసెలవుల పట్టిక విద్యాసంవత్సరము మొదటనే తెలియుచున్నది. దసరాకు ఇంచుమించు పది దినములును, సంక్రాంతికి ఇంచుమించు వారమును దొరకుచున్నవి. రైలు రిజర్వేషను 60 దినములు ముందు తెరచును. దసరాయాత్రకు శ్రావణములోనే సన్నాహము చేసికొన్నచో, వర్షములు తగ్గి నేల పచ్చగానున్న కాలమున దేశము చూడవచ్చును. అమెరికా బంధువులు జూన్ నెలలో వచ్చినచో, శని యాదివారములలో దగ్గరి యాత్రలు చేసి, తక్కిన దినములలో వారి పిల్లలనే మన పిల్లల బడికి ఒకపూట గొనిపోయి చూపుట మేలు. తెలుగు చదువు జరుగు గదిలో ఒక గంట కూర్చుండుట వారికి ఏ విహారముకంటెను లాభకరము.

బడులవారును తమవంతు చేయవలెను. దసరా సెలవులలోను వేసవిలోను ప్రత్యేకతరగతులను పేర పిల్లలను బిలిచి సెలవులను దొంగిలించు ప్రైవేటు బడులకు, తల్లిదండ్రులు బడిదినములను దొంగిలించుచున్నారని ఫిర్యాదు చేయు హక్కు లేదు. సెలవు సెలవుగా, బడి బడిగా నుండవలెను. విద్యాసంవత్సరపు పట్టికను నిర్ణయించు భారమును చట్టము స్థానికసంస్థలకే యొప్పగించినది. రాష్ట్రమంతటికి నొకే పట్టికను రాజధానిలో వ్రాయుటకు బదులు, కోతలకాలమునుబట్టియు, స్థానిక తిరునాళ్లనుబట్టియు కొన్ని దినములను జిల్లాలవారు మార్చుకొనుటకు వీలు కల్పించినచో, పల్లెటూళ్లలో హాజరు మెరుగుపడునని మా నమ్మకము. ఉపాధ్యాయులను చట్టము అనుమతింపని పనులకు బంపి తరగతులను ఖాళీపెట్టుట ప్రభుత్వము మానవలెను. ప్రభుత్వమే బడిదినమును గౌరవింపనప్పుడు ప్రజలు గౌరవింపరు.

భూవసతిగల మా సోదరులకు ప్రత్యేకముగా నొక విన్నపము. మిరపకోతలకు మీ తోటకు వచ్చిన కుటుంబములలో ఎందరు పిల్లలున్నారో మొదటిదినముననే లెక్కించుడు. వారిని మీ యూరి ప్రాథమికపాఠశాలకు గొనిపోయి చేర్పింపుడు. వయస్సుపత్రము లేదనిగాని, సంవత్సరము నడుమ వచ్చిరనిగాని చేర్చుకొననను నధికారము ఏ బడికిని లేదని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. పాఠశాల యాజమాన్యసంఘములో నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెనని గూడ అదే చట్టము చెప్పుచున్నది. ఆ సంఘములో కూర్చుండి యీ బిడ్డల హాజరును వారమున కొకసారి విచారింపుడు. మధ్యాహ్నభోజన మక్కడనే దొరకును. గట్టున ఎండలో నుండుటకంటె నీడపట్టున నుందురు. ఈ పని చేయుటకు మీకు గావలసిన దంతయు నొక యుదయము మాత్రమే. అయితే, మీ సొంతబిడ్డ యా యుదయము తన బడిలో నున్నప్పుడే మీ మాటకు బలముండును.

కాబట్టి యీ జనవరి, ఫిబ్రవరి నెలలలో యాత్ర తలపెట్టిన గృహస్థులు టిక్కెట్లు కొనుటకుముందు బిడ్డ బడిపట్టికను ఒకసారి తెరచి చూడవలెనని మేము కోరుచున్నాము. కొండలు, గుహలు, గుళ్లు ఎక్కడికిని పోవు. సెలవులవరకు నక్కడనే యుండును. కూలివాని బిడ్డయు, యజమాని బిడ్డయు హాజరు పిలిచినప్పుడు తమతమ బడులలో నిలబడి పలుకు దినమునకే మన పూర్వులు గోఖలేగారి కాలమునుండి యెదురుచూచిరి. ఆ దినమును ఆలసింపజేయు పాపము మనది కాకుండుగాక.